లంగరు పడిన చోటు

నేను ప్రశ్నలు అడిగే మనిషిని. పన్నెండేళ్లుగా అదే ఉద్యోగం. మందు మింగారా, నిద్ర పట్టిందా, ఆకలి ఎలా ఉంది, నిన్న మొదలుపెట్టిన పని ఇవాళ ముగించారా. జవాబు ఏదైనా ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా గళ్లలో టిక్కులు పెట్టుకుని, చెప్పులు వేసుకుని వచ్చేస్తాను. "ఊరందరి ఒంట్లో ఎలా ఉందో అడుగుతావు, మూడు రోజుల నుంచి మోకాలు పట్టుకుని మూలుగుతుంటే నా మూలుగు వినబడదా మాలినీ?" అంటుంది మా అమ్మ. ఆవిడ నా కాగితంలో లేదు మరి.

హైదరాబాద్ శివార్లలో ఉన్న మా పరిశోధన సంస్థలో డాక్టర్ పురంధర్ గారి దగ్గర చేరిన మొదటి వారంలోనే ఆయన నన్ను ఎలుకల గదికి తీసుకెళ్లి లైట్లన్నీ ఆర్పేశారు. ఎలుకల తలల మీద గోరంత గాజు కిటికీలు ఉన్నాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనం ఊరినప్పుడల్లా ఆ కిటికీ ఆకుపచ్చగా వెలిగేలా ఏర్పాటు చేశారు.

మొదటి ఎలుకకు ఏ మందూ ఇవ్వలేదు. అది మీట నొక్కింది, గింజ పడింది, కిటికీ మిణుక్కుమని ఆరిపోయింది.

"ఎందుకు ఆరింది?" అన్నారు డాక్టరుగారు.

"తెలీదండీ."

"ఒక కణం డోపమిన్‌ని సందులోకి వదులుతుంది. పక్క కణానికి కబురు అందగానే, వదిలిన కణమే పంపు పెట్టి దాన్ని వెనక్కి తోడేసుకుంటుంది. లేకపోతే ఒకే కబురు రోజంతా మోగుతూ ఉంటుంది."

రెండో ఎలుకకు మామూలు ఉత్తేజక మందు ఇచ్చారు. దాని కిటికీ మొత్తం వెలిగి, వెలుగుతూనే ఉంది. ఎలుక మీట నొక్కింది, గింజ పడేసింది, ఊచ కొరికింది, గోడ నాకింది, మళ్లీ మీట దగ్గరికి పరుగెత్తింది.

"పంపులన్నీ మూసుకుపోయాయి. దీనికిప్పుడు గింజా ఒకటే, గోడా ఒకటే. ఈ మోత భరించలేక రేపటికి అందుకునే కణాలు సగం చెవులు మూసేసుకుంటాయి. అప్పుడు మామూలు గింజ రుచించదు. ఇంకొంచెం మందు కావాలి, ఆ మర్నాడు ఇంకొంచెం."

మూడో ఎలుక కిటికీలో ఒక్క మూలే వెలుగుతోంది. ఎలుక మీట దగ్గర కూర్చుని నింపాదిగా, ఒక్కటీ తప్పకుండా పని చేసుకుంటోంది. దీనికిచ్చిన మందుకి అప్పటికి ఒక నంబరే ఉండేది గానీ మేమంతా 'లంగరు' అనే పిలిచేవాళ్లం. మిగతా మందుల్లా ఇది దొరికిన పంపునల్లా మూయదు. మింగిన తరవాత మొదటి ఇరవై నిమిషాల్లో ఏ పంపులు గట్టిగా తిరుగుతున్నాయో వెతుక్కుని వాటినే మూస్తుంది. అంటే ఆ ఇరవై నిమిషాలు ఏ పని మీద మనసుంటే, ఆ పని దగ్గరే డోపమిన్ నిలబడుతుంది. పడవ ఎక్కడుంటే లంగరు అక్కడే పడుతుంది.

"పడిన లంగరు మళ్లీ లేస్తుందా అండీ?" అని అడిగాను.

"మందు ఆపేస్తే రెండు మూడు నెలల్లో కొత్త పంపులు పుట్టుకొస్తాయి. అప్పటిదాకా లేవదు. లేవకపోవడమే మనకు కావాలి."

ఆయనకు కావలసినవాళ్లు వేరే ఉన్నారు. డోపమిన్ తయారుచేసే కణాలు వయసుకు ముందే రాలిపోతున్న మనుషులు. చెయ్యి వణకదు, నడక మారదు. మనసు మాత్రం దేని మీదా నిలవదు. నిన్నటిదాకా ప్రాణం పెట్టిన పనిని సగంలో వదిలేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. అలాంటివాళ్లను రెండు చోట్ల ఎంచుకున్నాం. నగరంలో ఒక ఆసుపత్రి రికార్డు గదిలో టైపు చేసేవాళ్లు పది మంది, నల్లగొండ దిక్కున మల్లెపురంలో చిటికి కట్టే నేతవాళ్లు పన్నెండు మంది. మాది నల్లగొండే కాబట్టి మల్లెపురం నాకు పడింది.

నియమం నేనూ కూర్చుని రాసిందే. మనిషి పనిలో కూర్చుని మాత్ర మింగాలి. పరిశీలకురాలు దగ్గరుండి మింగించాలి, ఇరవై నిమిషాలు కదలకుండా అక్కడే ఉండాలి. వెళ్లిన పని దండగ కాకుండా ఆ సమయంలోనే ప్రశ్నలు అడిగి, అంకెలు గుర్తుపెట్టుకునే పరీక్ష కూడా పెట్టేసి రావాలి. ఆ చివరి వాక్యం నాదే. అప్పట్లో దానికి మెచ్చుకున్నారు కూడా.

మల్లెపురంలో నా మొదటి ఇల్లు భిక్షపతిది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. చిటికి కట్టడమంటే, నెయ్యబోయే నూలును చెక్క మీద సాగదీసి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచడం. అలా ఒక్కో రంగుకు ఒక్కోసారి కట్టి విప్పిన నూలును నేస్తే బట్ట మీద బొమ్మ తనంతట తనే తేలుతుంది. ఊళ్లో అందరూ గళ్ల కాగితం మీద బొమ్మ గీసుకుని, దాన్ని చూస్తూ కడతారు. భిక్షపతికి కాగితం గిట్టదు. భుజాన వేసుకునే పదహారు గళ్ల రుమాలులో గడికో ఏనుగు, ఏ రెండు ఏనుగులకూ తొండం ఒకేలా ఉండదు. ఆ లెక్క మొత్తం ఆయన తలలోనే ఉంది. రెండేళ్లుగా ఆ రుమాలు మగ్గం ఎక్కలేదు. కట్టడం మొదలుపెట్టి మూడో ఏనుగు దగ్గర లేచిపోతున్నాడు.

ఆ తల ఖాళీ అయ్యేలోగా లెక్కను తన చేతుల్లోకి తీసుకోవాలని చూస్తున్నది ఆయన కూతురు మంజుల. పెళ్లై పక్క వాడలోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి తండ్రి పక్కన కూర్చునేది.

"నేను నేర్సుకుంట అంటె వద్దనడు మేడం. చెప్తనే చెప్తనే మరిచిపోయి బయటికి పోతడు. మీ మందుతోని ఒక్క నెల కుదురుగ కూసుంటె చాలు, నాకు అందుతది" అంది మొదటిరోజే. అందుకే తండ్రి తరఫున ఒప్పుకోలు కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. అంతకు మించి మమ్మల్ని ఏమీ అడగలేదు.

భిక్షపతిది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించుకుని, నడుము దాకా నేలలోనే ఉండి నేస్తాడు. నేను గడపలో కనబడగానే పోగు నడిపే నాడె పక్కన పెట్టి, రెండు చేతులూ నేలకు ఆనించి పైకి లేచేవాడు.

"మీరు లేవకండి, పనిలో కూర్చునే మింగాలి" అన్నాను.

"ఇంటికి మనిషొస్తె గుంటలకెల్లి మాట్లాడుతరా బిడ్డా? మంచిగుండదు" అని, మగ్గం మీదే మాత్ర మింగి, లేచొచ్చి నా ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. ఆయన భార్య అనసూయమ్మ చాయ్ తెచ్చింది.

మగ్గం దగ్గరే మింగాడు కాబట్టి 'పనిలో కూర్చుని మింగారా' అన్న గడిలో టిక్కు పెట్టాను. తరవాత చాయ్ తాగాను. చాయ్ బాగుంది. పన్నెండు ఇళ్లలోనూ ఇదే వరస. ఒక ఇంట్లో చాయ్, ఒక ఇంట్లో మజ్జిగ, ఒక ఇంట్లో ఉడకబెట్టిన పల్లీలు. ఆ ఊళ్లో మనిషి ముందు మగ్గం ఆడించడమంటే పొమ్మనడంతో సమానం.

ఫలితాలు మూడో వారానికే దిమ్మ తిరిగేలా వచ్చాయి. నెల కిందట ఐదు అంకెలు ఒప్పచెప్పలేని భిక్షపతి పన్నెండు అంకెలు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి గడగడా చెప్పేశాడు. కళ్లలో మెరుపు వచ్చింది. నేను కొత్త చీర కడితే దాని అంచు ఏ ఊరి నేతో చెప్పేవాడు. అడగని సంగతులు కూడా చెప్పేవాడు. పెళ్లినాటి కథ, నూలు చుట్టే ఆసు పొయ్యడంలో అనసూయమ్మ భుజం ఎలా పట్టేసిందో, మొదటి ఏనుగు తొండం తప్పిపోతే వాళ్ల నాయిన ఎలా నవ్వాడో. పురంధర్ గారు నా నివేదికలు చదివి, "మల్లెపురం టైపు గదిని కూడా మించిపోయేలా ఉందే" అన్నారు. నేను ఉబ్బిపోయాను. కాదనడం ఎందుకు?

ఏడో వారంలో అనసూయమ్మ నన్ను వాకిట్లో ఆపింది.

"ఒక్క మాట అమ్మా. నువ్వొచ్చినప్పుడు ఆయన మంచిగనే మాట్లాడుతున్నడు గద?"

"చాలా బాగా మాట్లాడుతున్నారు."

"నువ్వు పోయినంక మాట్లాడుతలేడు. అన్నం పెడితె తింటడు, లేకుంటె లేదు. పొద్దుగూకేదాక గీ అరుగు మీదనే, తొవ్వ దిక్కు సూసుకుంట. నేను ముంగట్ల నిలవడ్డ సూపు నన్ను దాటి పోతది."

"మగ్గం?"

"ఎక్కడి మగ్గం. మూడో ఏనుగు కాడికి గూడ పోతలేడు ఇప్పుడు. వాడకట్టంత నవ్వుతున్నది, ముసలోనికి మేడం పిచ్చి లేసిందని. నాకు నవ్వు వస్తలేదు."

నా కాగితంలో కుటుంబ సభ్యుల మాటకు గడి లేదు. 'ఇతర వివరాలు' అన్న చోట 'పరీక్ష సమయం తరవాత కొంత నిస్తేజం' అని రాశాను. ఐదు మాటల్లో సరిపెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మూడో నెల చివర అందరినీ హైదరాబాద్ తీసుకొచ్చి 'దీపాల టోపీ' పెట్టాం. ఎలుక తలకు పెట్టే గాజు కిటికీ లాంటిదే, కాకపోతే మనిషి తల కొయ్యనక్కర్లేదు. టోపీ పెట్టుకుని మనిషి పని చేసుకుంటుంటే, పక్క గదిలో తెర మీద డోపమిన్ ఎక్కడ ఊరుతోందో వెలుగుగా కనబడుతుంది. ముందు టైపు గది వాళ్లు వచ్చారు. వేళ్లు మీటల మీద పడగానే తెరలో ఒక మూల నిలకడగా వెలిగింది, అచ్చం మూడో ఎలుకలాగే. పురంధర్ గారు చేతులు రుద్దుకున్నారు.

తరవాత భిక్షపతి. గదిలో చిన్న చిటికి చెక్క, నూలు, ట్యూబు పట్టీలు పెట్టించాం. ఆయన వాటి ముందు కూర్చుని, ఒక పట్టీ కట్టి, ఇంకోటి చేతిలో పట్టుకుని అలా ఉండిపోయాడు. తెర చీకటిగా ఉంది. పావుగంట చూశాం. మంజుల మా వెనకే నిలబడి చూస్తోంది.

"నీ టిక్కులు చూస్తే ఈయన పాతికేళ్ల కుర్రాడు. తెర చూస్తే ఏమీ లేదు. ఏది నమ్మమంటావు?" అన్నారు డాక్టరుగారు. "టోపీ పట్టీ వదులైందేమో, వెళ్లి చూడు."

నేను లోపలికి వెళ్లి, "భిక్షపతిగారూ, బిగుతుగా ఉందా?" అన్నాను. ఆయన తల తిప్పి నవ్వాడు.

"మాలినీ, బయటికి రా" అని వినబడింది.

బయటికి వచ్చాను. డాక్టరుగారు నా వైపు చూడలేదు. "మళ్లీ లోపలికి వెళ్లు" అన్నారు. వెళ్లాను. "రా." వచ్చాను. అలా ఐదుసార్లు తిప్పారు. ఐదోసారి భిక్షపతి, "ఏంది బిడ్డా, ఏమన్న మరిచినవా?" అన్నాడు, ఐదోసారీ అంతే సంతోషంగా. నేను బయటికి వచ్చి తెర చూసేసరికి, ఒక మూల నిలకడగా వెలుగుతున్న ఆకుపచ్చ ముద్ద మెల్లగా చీకట్లోకి దిగుతోంది.

"అమ్మా, మీరొకసారి వెళ్లండి" అన్నారు మంజులతో.

మంజుల వెళ్లి, "నాయినా, నీళ్లు తాగుతవా?" అంది. ఆయన తలూపాడు. తెర మీద ఏమీ కదలలేదు. ఆమె నీళ్లు తాగించి, గ్లాసు కడిగి పెట్టి, వచ్చింది.

"ఎలిగిందా సార్?" అని అడిగింది.

పురంధర్ గారు నాకేసి తిరిగి, "మాత్ర మింగాక ఇరవై నిమిషాలూ ఈయన ఎక్కడ కూర్చునేవాడు?" అన్నారు.

"నా ఎదురుగా."

"మగ్గం మీద కాదా?"

"నేను వెళ్లాక మగ్గం మీదకి వెళ్లేవారు."

ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. టైపు గదిలో పరిశీలకుడు వెళ్తే ఎవరూ తల ఎత్తరు. మాత్ర నోట్లో వేసుకుని, తెర మీంచి చూపు తిప్పకుండానే జవాబులు గొణుగుతారు. వాళ్ల లంగరు పని మీదే పడింది. మల్లెపురంలో పన్నెండు ఇళ్లవాళ్లూ మర్యాద తెలిసినవాళ్లు. పనిలోంచి లేచొచ్చి ఎదురుగా కూర్చుని, నన్ను కళ్లారా చూస్తూ మాట్లాడారు. మూడు నెలలు రోజూ పొద్దున్నే వాళ్ల మనసులు నా మీద కట్టేసి వచ్చాను. ఆ కట్టిన మనసులకే నేను పరీక్ష పెట్టాను, నేనే మార్కులు వేశాను. ఎలుకల దగ్గర ఈ చిక్కు రాలేదు. వాటి ఇంటికి ఎవరూ చుట్టపుచూపుగా వెళ్లరు.

మర్నాడే మందు ఆపేశారు. పురంధర్ గారు తప్పు ఎవరి మీదకూ నెట్టకుండా అన్నీ పూసగుచ్చినట్టు పైవాళ్లకు రాసి పంపారు. మల్లెపురం వెళ్లి పన్నెండు ఇళ్లలోనూ కూర్చుని చెప్పొచ్చారు. మిగతా పదకొండు మందికీ కణాలు ఇంకా కొంత మిగిలే ఉన్నాయి. కొన్నాళ్లు తొవ్వ చూసినా, మెల్లగా మనవలో, టీవీయో, మగ్గమో వాళ్లను వెనక్కి లాక్కున్నాయి. భిక్షపతికి అలా లాగడానికి మిగిలింది తక్కువ.

"ఆయనకు ఈ రెండు నెలలూ వెలిగేది ఆ ఒక్క దీపమే" అన్నారు డాక్టరుగారు నాతో. "కొత్త పంపులు వచ్చాక అదీ ఆరిపోతుంది. ఆ తరవాత దేని మీదా మనసు నిలవదు. మందు లేకపోయినా ఆ రోజు వచ్చేదే. మనం ఈ రెండు నెలలూ కూతురి దగ్గర్నుంచి లాక్కుని నీకు ఇచ్చాం."

పది రోజులకు మంజుల ఫోన్ చేసింది.

"మేడం, మీరు ఒకసారి రావాలె."

"నేను రాకూడదు మంజులా. వస్తే ఇంకా పెరుగుతుంది."

"పెరగనీ. రెండు నెలలే అన్నడు గద డాక్టరు సారు. నేను అడిగితె నాయిన నోట్లకెల్లి మాట వస్తలేదు. మీరు అడుగున్రి. చిటికి నేర్పమని మీరు అడుగున్రి. నేను ఎన్కకు నిలవడి నేర్సుకుంట."

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. చివరికి సరేనన్నాను. పురంధర్ గారికి చెబితే ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "పరిశోధన అయిపోయింది. నువ్వు వెళ్లేది చుట్టరికం. దాన్ని ఆపడానికి నేనెవర్ని?" అన్నారు.

అలా తొమ్మిది ఆదివారాలు వెళ్లాను.

నా చేతికి పని అస్సలు రాదు. కుట్టుపనిలో మా అమ్మ నన్ను ఏడో తరగతిలోనే వదిలేసింది. భిక్షపతి చెక్క ముందు నన్ను కూర్చోబెట్టి, "పన్నెండు పోగులు ఒక కట్ట. గట్ల కాదు, బొటనవేలు కిందకెల్లి. గట్టిగ బిగియ్యి, రంగుకు సందు దొరకొద్దు" అనేవాడు. నేను బిగిస్తే పట్టీ తెగేది. వదిలేస్తే రంగు దూరేది. ఆయన విసుక్కోలేదు. ఇంకో పట్టీ అందించేవాడు.

మంజుల నా వీపు వెనకే నిలబడేది. మొదటి ఆదివారం ఆమె ముందుకు వంగి, "నాయినా, గీడ రెండు కట్టలు జరపాల్నా?" అని అడిగింది. ఆయన వినలేదు. నేను అదే మాట మళ్లీ అడిగాను.

"ఆ, వీపు కాడ రెండు. తొండం కాడ ఒక్కటే. తొండానికి తొందర ఉండది బిడ్డా, అది మెల్లగ తిరుగుతది. నాలుగో ఏనుగు తొండం కిందికి, ఐదోది మీదికి. రెండింటి నడుమ మూడు పోగులు ఇడువాలె. గా మూడు పోగులల్లనే ఉంటది ఇద్య అంత."

అదీ పద్ధతి. మంజుల నా చెవిలో గుసగుసగా ప్రశ్న వేసేది, నేను పైకి అడిగేదాన్ని, ఆయన నా కళ్లలోకి చూస్తూ జవాబు చెప్పేవాడు. పన్నెండేళ్లు ప్రశ్నలు అడిగి బతికినదాన్ని, ఒక్క జవాబూ నాకు అర్థం కాని ప్రశ్నలు అడగడం అప్పుడే. ఒకసారి ఆయన ఏడో ఏనుగు గురించి గంటసేపు చెప్పాడు. నేను తలూపుతూనే ఉన్నాను. వెనక మంజుల ఊపిరి వినబడుతూనే ఉంది.

వారమంతా ఆమె తన ఇంట్లో కట్టేది. ఆదివారానికి సందేహాలు మూటగట్టుకుని వచ్చేది. నాలుగో ఆదివారానికి ఐదో ఏనుగు దాటింది, ఆరో ఆదివారానికి పదకొండో ఏనుగు. అనసూయమ్మ చాయ్ ఇస్తూ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లేది. ఆ ఇంట్లో ఒక కూతురుంది, ఒక భార్య ఉంది, ఆయన మాత్రం నేను వచ్చే బస్సు చప్పుడుకు లేచి నిలబడుతున్నాడు. నేను చేసిన ఏ మంచికీ అంత ఆదరం దొరకలేదు. ఇది నేను చేసిన తప్పుకి దొరికింది.

ఏడో ఆదివారం నుంచి ఆయన మాట తగ్గింది. జవాబు మధ్యలో ఆగేవాడు. నా ముఖం చూసి, మళ్లీ ఎక్కడో దాన్ని అందుకునేవాడు. ఎనిమిదో ఆదివారం పద్నాలుగో ఏనుగు చెప్పడానికి పూటంతా పట్టింది. పదిహేను, పదహారు చెప్పనేలేదు. మంజుల నా చెవిలో ఏమీ అడగలేదు. "చాలు మేడం, మిగతవి తెలుస్తున్నయి" అంది.

తొమ్మిదో ఆదివారం నేను వెళ్లేసరికి మంచం మీద రుమాలు పరిచి ఉంది. ఎర్రనేల మీద పదహారు గళ్లు, పదహారు ఏనుగులు. మంజుల రంగులో ముంచి, విప్పి, తండ్రి గుంట మగ్గం మీదే నేసింది. అంచులు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ తొండమూ ఇంకో తొండంలా లేదు.

భిక్షపతి అరుగు మీద నుంచి లోపలికి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు గానీ, పాత నవ్వులో సగమే ఉంది. మంచం పక్కన కూర్చుని రుమాలు మీద వేలు పెట్టాడు. నాలుగో ఏనుగు నుంచి ఐదో ఏనుగుకు వేలు నడిపించాడు. మధ్యలో ఆగి, ఆ మూడు పోగుల సందు తడిమాడు. తరవాత పదిహేనో గడి, పదహారో గడి. తను చెప్పని ఆ రెండింటి మీదా వేలు చాలాసేపు ఉంది. కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వే కట్టినవా బిడ్డా?" అన్నాడు నాతో.

ఆ ఇంట్లో అందరికీ తెలుసు, నేను వరసగా నాలుగు పట్టీలు కట్టలేనని. నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి మంజుల అంది.

"ఆమెనే కట్టింది నాయినా."

ఆయన ఆ మాట ఎవరు అన్నారో చూడలేదు. నా జవాబు కోసమే చూస్తున్నాడు. ఎవరు ఏం చెబితే అది, ఉన్నదున్నట్టు రాసుకోవడం నా ఉద్యోగం. మంజుల ముఖం చూశాను. ఆమె తలూపింది.

"అవునండీ" అన్నాను.

"మంచిగొచ్చింది" అన్నాడు. "పదిహేనోది నేను చెప్పలేదు గద. ఎట్ల వట్టినవు?"

ఆ జవాబు నాకు తెలియదు. మంజుల నా చెవి దగ్గరికి వంగి చెప్పింది, నేను పైకి చెప్పాను. "పద్నాలుగు ఏనుగుల్లో వాడని మలుపులు రెండే మిగిలాయి. ఒకటి పదిహేనోదానికి, ఇంకోటి పదహారోదానికి పెట్టాను."

భిక్షపతి నవ్వాడు. ఈసారి నిండుగా నవ్వాడు. నవ్వుతూనే రుమాలు మీద అరచెయ్యి పరిచి, అలాగే ఉంచాడు. అనసూయమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కాసేపటికి ఆయన చూపు రుమాలు మీంచి జారి, తొవ్వ వైపు కూడా వెళ్లకుండా, గోడ దగ్గర ఆగిపోయింది.

మంజుల నన్ను బస్సు దాకా దింపడానికి వచ్చింది. బస్సు ఆగేచోట వేపచెట్టు కింద నిలబడ్డాక, "వచ్చే వారం రాకున్రి మేడం. ఇంక పనిలేదు" అంది.

"నువ్వే కట్టావని ఎందుకు చెప్పలేదు మంజులా? ఇంకో అవకాశం రాదు కదా" అన్నాను. నాకు ఏడుపు వస్తోంది, దాచుకోలేదు.

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. వేళ్ల చివర్లు ఎర్రరంగు పట్టి ఉన్నాయి.

"చెప్తె ఏమైతుండె? తలకాయ ఊపి ఊకుంటుండె. మీరు కట్టిన్రు అంటె నవ్విండు." బస్సు కనబడితే చెయ్యి ఎత్తి ఆపింది. "నేను కట్టిన దాన్ని సూసే గద మేడం నవ్విండు."